సముద్రం కనిపించే గది

వేసవి సెలవుల్లో ఊళ్ళు తిరిగి వచ్చినవాళ్ళు రెండు రకాల కబుర్లు చెబుతారు. ఇరుగుపొరుగులకు చెప్పేవి ఒక రకం. ఇంట్లో తలుపు వేసుకుని చెప్పుకునేవి మరో రకం. మొదటి రకంలో గది అద్దంలా ఉంటుంది, భోజనం అమృతంలా ఉంటుంది, పెట్టిన ఖర్చుకు రెట్టింపు సుఖం దక్కుతుంది. రెండో రకంలో ఏముంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఈ వారం నేను తలుపు తీసి, ఆ రెండో రకం కబుర్లే చెప్పదలచుకున్నాను. సముద్రపు ఒడ్డున హోటల్లో రెండు రాత్రులు గడిపి వచ్చాము గనుక ఆ మాత్రం హక్కు నాకుంది.

మా ముందు గదిలో గోడకు ఒక ఫోటో ఉంది. మా పెద్దవాడు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, రెండు చేతులూ పైకెత్తి నవ్వుతుంటాడు. వాడి వెనక సముద్రం. వచ్చినవాళ్ళంతా “ఎంత చక్కగా వచ్చిందమ్మా!” అంటారు. నేను “అవునండీ” అని కాఫీ కలపడానికి లోపలికి పోతాను. ఆ ఫోటో సంగతి తరవాత చెబుతాను.

మాది దోమ. వికారాబాదు జిల్లాలో, పరిగి పక్కన మండలం. కందులు, పత్తి, మొక్కజొన్న పండే ఊళ్ళు. మాకు కొండలున్నాయి, చెరువులున్నాయి, తాండూరు వైపు పోతే భూమిలోంచి పలకలు పలకలుగా నాపరాయి వస్తుంది. లేనిదల్లా సముద్రం. అది చూడాలంటే సుమారు నాలుగు వందల కిలోమీటర్లు పోవాలి.

ఆ కోరిక మా అత్తమ్మది. ఆమెకు డెబ్బై నాలుగేళ్ళు. నాట్లు వేసింది, కలుపు తీసింది, అయిదుగురు పిల్లలకు పెళ్ళిళ్ళు చేసింది. తిరుపతి చూసింది, శ్రీశైలం చూసింది. సముద్రం మాత్రం టీవీలో తప్ప చూడలేదు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చి పదివేలమందికి పైగా పోయినప్పుడు, ఊళ్ళో రేడియో దగ్గర కూర్చుని విన్నదట. “నీళ్ళు లేసి ఊరి మీద పడుడేందో నాకు అప్పటి సంది సమజ్ కాలే. ఒక్కసారి కండ్లతోని చూస్త,” అని ఏటా అంటూనే ఉన్నది. మోకాళ్ళు నానాటికీ మొరాయిస్తున్నాయి. ఇక ఆలస్యం చేస్తే లాభం లేదని మా వారు 2025 మే నెలకు ముహూర్తం పెట్టారు.

ఎక్కడ దిగాలన్నది నా వంతు. బాపట్ల, చీరాల వైపు తీరం హైదరాబాదు నుంచి ఒక్క రాత్రి రైలు ప్రయాణం కాబట్టి అక్కడికే అనుకున్నాము. ఫోనులో హోటళ్ళ బొమ్మలు చూశాను. ఒకదాంట్లో మంచం మీద హంసల్లా మడిచిన తువ్వాళ్ళు, కిటికీ నిండా నీలి సముద్రం. “సముద్రం కనిపించే గది” రోజుకు 4,800 రూపాయలు, ఉదయం ఫలహారంతో సహా. అత్తమ్మకు అదనపు పరుపు వెయ్యి. రెండు రాత్రులకు 11,600. ఆ మీద అప్పటి లెక్కన నూటికి 12 చొప్పున పన్ను. అంతా కలిపి 12,992. (ఈ పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి, రోజు అద్దె 7,500 దాటని గదులకు నూటికి 5 అయింది. మనం వెళ్ళివచ్చాకే తగ్గుతుంది గదా!) ఆ ఏడు కందులకు ప్రభుత్వం కట్టిన మద్దతు ధర క్వింటాలుకు 7,550. అంటే పావు తక్కువ రెండు క్వింటాళ్ళ కందులు రెండు రాత్రుల నిద్రకు పోసి వచ్చామన్నమాట. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మేము గొప్పగా చెప్పుకుంటాము గాని, హోటలు గుమాస్తా ముందు దాని పప్పులు ఉడకలేదు.

రైలు తెల్లవారకముందే దింపింది. ఆటో మాట్లాడుకుని ఆరు గంటలకల్లా హోటలు చేరాము. ఆ హోటలు పేరు చెప్పను. ఇలాంటివి తీరం పొడుగునా ఉన్నాయి, ఒక్కదాన్ని పట్టుకుని నిందించడం న్యాయం కాదు. గుమాస్తా కుర్రవాడు పుస్తకం తెరిచి మర్యాదగానే అడిగాడు.

“ఏ ఊరండీ?”

“దోమ,” అన్నారు మా వారు.

ఆ అబ్బాయి మొహం చిన్నబోయింది. “ఇంకా గదిలోకే వెళ్ళలేదు గదండీ... సాయంత్రం మందు కొట్టిస్తామండీ,” అన్నాడు.

మా ఊరి పేరే అదని నచ్చజెప్పేసరికి అయిదు నిమిషాలు పట్టింది. మా చిన్నది మాత్రం ఇప్పటికీ ఆ మాట తలుచుకుని పడీపడీ నవ్వుతుంది.

ఊరి సంగతి తేలాక గది సంగతి వచ్చింది. గది మధ్యాహ్నం పన్నెండుకు గాని ఇవ్వరట. ఆ ముక్క ఫోనులోనూ ఉందట, అడుగున చీమ తలకాయంత అక్షరాలతో. రాత్రంతా రైల్లో కూర్చున్న ముసలావిడను పెట్టెల పక్కన వసారాలో కూర్చోబెట్టి ఆరు గంటలు కాచుకున్నాము. అత్తమ్మ ఒక చెవి ఒగ్గి చాలాసేపు విని, “పక్కన పాలిషు మిషిని నడుస్తున్నదా బిడ్డా?” అన్నది. తాండూరులో నాపరాళ్ళు నునుపు చేసే మిషన్ల హోరు ఆమెకు తెలుసు. “అది సముద్రం అత్తమ్మా,” అన్నాను. ఆమె మళ్ళీ విన్నది. “మబ్బుల కెల్లి లొల్లి చేస్తనే ఉన్నదా?” అని మాత్రం అడిగింది.

పన్నెండున్నరకు తాళం ఇచ్చారు. గది రెండో అంతస్తు. లిఫ్టు ఉంది, నడవదు. ఉప్పుగాలికి లోపలి తీగెలు, గిలకలు తుప్పు పట్టిపోతాయనీ, మరమ్మతు చేసేవాడు ఊరినుంచి రావాలనీ చెప్పారు. అది అబద్ధం కాదు. సముద్రం మీద గాలిలో కంటికి కనపడనంత సన్నగా ఉప్పు తుంపర ఉంటుంది. అది ఇనుము మీద వాలి, గాలిలోని తేమను పీల్చి, రాత్రీ పగలూ తింటూనే ఉంటుంది. తలుపు గొళ్ళెం, కొళాయి, కిటికీ ఊచ, చివరికి నా సూట్‌కేసు తాళంతో సహా అన్నిటికీ ఆ తీరంలో ఆయుష్షు తక్కువ. ఊరి లోపల పదేళ్ళు వచ్చే వస్తువు అక్కడ మూడేళ్ళకే ముసలిదవుతుంది. బొమ్మలు తీసిన నాడు ఆ హోటలు కొత్తది. మేము వెళ్ళిన నాటికి దానికీ అత్తమ్మలాగే కీళ్ళు పట్టేశాయి.

“కింద గది ఇస్తామండీ. తోట కనిపిస్తుంది,” అన్నాడు గుమాస్తా. తోట అంటే రెండు క్రోటన్లు, ఒక జనరేటరు. అద్దె మాత్రం అదే. మా వారికి కోపం వచ్చింది. అత్తమ్మ చేయి అడ్డం పెట్టింది. “నేను వచ్చింది చెట్లు చూడనీకెనారా? మెల్లగ ఎక్కుత, నడుమ నడుమ కూసుంట,” అన్నది. ముప్ఫై ఆరు మెట్లు. మూడుచోట్ల కూర్చుని ఎక్కింది.

సముద్రం కనిపించే గదిలో సముద్రం కనిపించిన మాట నిజమే. వరండాలో ఎడమ చేతి మూలకు పోయి, కమ్మీ పట్టుకుని కొంచెం ముందుకు వంగితే, నీళ్ళ ట్యాంకుకూ సరుగుడు చెట్లకూ మధ్య చీర అంచంత నీలం కనిపించింది. అత్తమ్మ అక్కడ నిలబడి చూసింది. “గిదేనా?” అన్నది. నేను తల వంచుకున్నాను.

ఇక్కడ హోటలు తరఫున ఒక మాట చెప్పాలి. సముద్రానికి అంత దగ్గరగా కట్టడాలు కట్టకూడదని చట్టమే చెబుతోంది. 1991లో తీరప్రాంత నియంత్రణ ప్రకటన వచ్చినప్పటినుంచి, పోటు వచ్చినప్పుడు నీళ్ళు తాకే గీత నుంచి 500 మీటర్లదాకా కట్టడాల మీద ఆంక్షలున్నాయి. 2011లో, 2019లో ఆ నిబంధనలు మార్చారు గాని అసలు ఉద్దేశం పోలేదు. కాబట్టి నిబంధన పాటించిన హోటలు కొంత దూరంగానే ఉంటుంది. అలలు గుమ్మంలోకి వచ్చే హోటలు దొరికిందంటే సంతోషించకండి, అనుమానించండి. కాకపోతే ఆ దూరం ఎంతో ముందే చెప్పాలి. “మా సొంత బీచి” అని బోర్డు పెట్టుకున్న హోటళ్ళు కూడా ఉన్నాయి. అలలు తడిపే ఇసుక ప్రభుత్వానిది, అంటే మనందరిదీ. హోటలు సొంతం చేసుకోగలిగింది గొడుగూ కుర్చీలూ మాత్రమే.

ఇక ఉక్క. మే నెలలో మా దోమలో నలభై దాటుతుంది. అయినా నీడలోకి వస్తే ప్రాణం లేచివస్తుంది. అక్కడ అంత ఎండ లేదు, కాని నీడకు గుణం లేదు. చెమట ఆరితేనే ఒంటికి చల్లదనం. గాలి నిండా నీటి ఆవిరి ఉంటే చెమట ఆరదు, కారుతుంది. మధ్యాహ్నం నేల వేడెక్కి, పైగాలి లేచి, ఆ ఖాళీలోకి సముద్రం మీది గాలి తిరిగేదాకా మనిషికి తోచదు. ఆ గాలి తిరిగిందంటే మాత్రం హాయే వేరు. గదిలో చల్లని మిషను ఉంది గాని, తలుపు తీస్తే చాలు కళ్ళద్దాలు మసకబారతాయి. ఉదయం ఉతికి ఆరవేసిన తువ్వాలు మర్నాటి ఉదయానికీ తడిగానే ఉంది. బిస్కత్తులు గంటలో మెత్తబడ్డాయి. ఇసుక మంచం మీదికీ, తల్లోకీ, పళ్ళమధ్యకూ వచ్చింది. హంసల్లా మడిచిన తువ్వాళ్ళు లేవు. నాలుగడిగితే మూడిచ్చారు.

భోజనం సంగతి. “తాజా సముద్రపు రొయ్యలు, చేపలు” అని భోజనాల గది ముందు పెద్ద అక్షరాలతో రాసి ఉంది. మా పిల్లలు ఆవురావురుమంటూ తిన్నారు. రుచికి వంక పెట్టను. కాని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లతో వేట నిషేధం. మేము వెళ్ళింది సరిగ్గా ఆ నడుమ. చేతి తెడ్లతో పోయే తెప్పలకు ఆ నిషేధం లేదు గాని, వాటి వేట ఒక హోటలుకు చాలదు. మరి ఈ రొయ్యలెక్కడివి? వడ్డించే అబ్బాయినే అడిగాను. “చెరువు రొయ్యలేనండీ. సముద్రం రొయ్యయితే ఈ రేటుకు రాదండీ,” అన్నాడు నవ్వుతూ. 2009 ప్రాంతాల్లో మన దేశానికి వచ్చిన వనామి రకం అది, కోస్తా చెరువుల నిండా పెంచేది. తినడానికి మంచిదే. బోర్డు మీద ఆ మాటే రాస్తే ఇంకా మంచిది. చెరువు రొయ్యను చెరువు రొయ్య అంటే దానికేమీ చిన్నతనం రాదు గదా!

ఇంతవరకు నవ్వుకుంటూ చెప్పాను. ఇక ఫోటో సంగతి చెప్పాలి.

మొదటి రోజు సాయంత్రం అయిదింటికి పిల్లలు ఆగలేకపోయారు. మెట్లెక్కి అలిసిన అత్తమ్మ, “నేను రేపు పొద్దుగాల వస్త, మీరు పోండ్రి,” అని పడుకుంది. మేము నలుగురమూ ఒడ్డుకు వెళ్ళాము. అక్కడక్కడ అలలు తెల్లగా విరుగుతున్నాయి. ఒకచోట మాత్రం, పదిహేను ఇరవై బారల వెడల్పున, అలలు విరక్కుండా నీళ్ళు నున్నగా ఉన్నాయి. “ఇక్కడ నెమ్మదిగా ఉంది, ఇక్కడే దిగండి,” అని చూపించింది నేనే. నేను బడిపంతులమ్మను. పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని.

మా పెద్దవాడికి పన్నెండేళ్ళు. మా బావిలో ఈత నేర్చాడు. వాళ్ళ నాన్నా అంతే. వాడు నీళ్ళలోకి నాలుగడుగులు వేసి, నా వైపు తిరిగి చేతులు పైకెత్తాడు. నేను ఫోను తీసి ఫోటో తీశాను. బాగా వచ్చిందో లేదో అని ఫోనులోకి చూసుకున్నాను. తలెత్తేసరికి వాడు నడుము లోతులో ఉన్నాడు. ఇంకొక్క క్షణానికి తల మాత్రమే కనిపించింది. వాడు నడవలేదు, ఈదలేదు. నీళ్ళే వాణ్ణి తీసుకుపోతున్నాయి.

మా వారు ఉరికారు. వాణ్ణి అందుకున్నారు గాని, ఒడ్డుకు ఎదురుగా ఎంత ఈదినా ఇద్దరూ వెనక్కే పోతున్నారు. బావిలో ఈతకు నాలుగు గోడలుంటాయి. అలిస్తే ఏదో ఒక రాయి పట్టుకోవచ్చు. ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. నేను చిన్నదాని చేయి పట్టుకుని అరుస్తున్నాను. ఏమని అరిచానో నాకు తెలియదు.

కొంచెం అవతల ఇసుకలో ఒక పెద్దాయన కూర్చుని అలివి వల బాగుచేసుకుంటున్నాడు. ఆయన లేచి, “ఎదురు ఈదమాక! పక్కకి రా! పక్కకి!” అని కేక వేస్తూ, వల తాడు, దాని బెండ్లతో సహా భుజాన వేసుకుని పరిగెత్తాడు. మా వారికి ఆ కేక వినిపించింది. పిల్లవాణ్ణి పట్టుకుని, ఒడ్డు వైపు కాకుండా ఒడ్డు వెంట అడ్డంగా ఈదారు. పది పన్నెండు బారలు పక్కకు పోయేసరికి లాగడం ఆగింది. అక్కడ అలలు విరుగుతున్నాయి. ఆ అలలే వాళ్ళను తోసుకొచ్చాయి. పెద్దాయన తాడు విసిరి అందుకున్నాడు. అంతా కలిసి మూడు నాలుగు నిమిషాలు. నాకు మూడు నాలుగేళ్ళు.

ఆయనకు డబ్బు ఇవ్వబోతే చేయి వెనక్కి తీసుకున్నాడు. “నున్నగుండే చోటే పాయ ఉంటాదమ్మా. నురగ ఉండే చోట నీళ్ళు లోపలికొస్తాయి, నున్నగుండే చోట బయటికి పోతాయి,” అన్నాడు. తరవాత చదివి తెలుసుకున్నాను. అలలు ఒడ్డుకు మోసుకొచ్చిన నీళ్ళు మళ్ళీ సముద్రంలోకి పోవాలి. అడుగున ఇసుక దిబ్బకు గండి ఉన్నచోట చేరి, ఇరుకు కాలువలా జోరుగా వెనక్కి పరిగెడతాయి. అది మనిషిని కిందికి ముంచదు, దూరం లాక్కుపోతుంది. దానికి ఎదురీదితే ఎంతటి ఈతగాడైనా అలిసి మునుగుతాడు. అడ్డంగా ఈది దాని దారి తప్పించుకోవాలి. ఈత రానివాడు వెల్లకిలా తేలి, చేయి ఎత్తి కేక వేయాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు వెంటనే దూకకుండా, తేలే వస్తువేదైనా, ఖాళీ నీళ్ళ డబ్బా అయినా సరే, విసరాలి.

హోటలు బోర్డు ఒకటి ఉంది ఆ తోవలో. ఇంగ్లీషులో రాశారు. ఉప్పుగాలికి సగం అక్షరాలు రాలిపోయాయి. కాపలా మనిషి ఉదయం మాత్రమే ఉంటాడట.

ఇంకో సంగతి చెబితే మీరు ఆశ్చర్యపోతారు. అలల ఎత్తు, ఉప్పెన, సునామీ హెచ్చరికలు దేశమంతటికీ చెప్పే కేంద్రం ఎక్కడుందో తెలుసా? సముద్రం లేని మన హైదరాబాదులో, ప్రగతినగర్‌లో! 1999లో పెట్టిన ఆ సంస్థను ఇన్‌కాయిస్ అంటారు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరవాత, 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం కూడా అక్కడే పనిచేస్తోంది. అలలు ఎక్కువగా ఉండే రోజులను వాళ్ళు ముందే ప్రకటిస్తారు. మా ఇంటికి పట్టుమని వంద కిలోమీటర్లు లేదు. రైలు టైము చూసుకున్నాను, రొయ్యల ధర చూసుకున్నాను. అది మాత్రం చూసుకోలేదు.

ఆ రాత్రి ఎవరమూ సరిగా తినలేదు. “పొద్దున్నే బండెక్కుదాం. రెండో రాత్రి డబ్బు పోతే పోనీ,” అన్నారు మా వారు. అత్తమ్మ ఏమీ అనలేదు. పిల్లవాణ్ణి పక్కన పడుకోబెట్టుకుని, వాడి తడి తల తుడుస్తూ కూర్చుంది. ఆమె ఇంకా సముద్రాన్ని దగ్గరగా చూడనేలేదు. అంత దూరం వచ్చి, అంచు మాత్రం చూసి వెళ్ళిపోవడమా? అని నా మనసు. మళ్ళీ అటువైపు చూడడమా? అని నా ఒళ్ళు.

తెల్లవారుజామున అయిదింటికి మెలకువ వచ్చేసరికి అత్తమ్మ లేచి, ముడి వేసుకుని, పసుపు కుంకుమ పొట్లం కొంగున కట్టుకుని కూర్చుంది. “నడువుండ్రి. భయపడి పోతే పోరనికి జన్మల భయం పోదు,” అన్నది. మా వారు మాట్లాడకుండా చెప్పులు వేసుకున్నారు.

కిందికి దిగేసరికి గదులు శుభ్రం చేసే కుర్రవాడు ఎదురయ్యాడు. పక్క పల్లెవాడే. సంగతి తెలిసి, వసారాలోని ప్లాస్టిక్ కుర్చీ తీసుకొచ్చాడు. “మామ్మగారూ, ఇందులో కూర్చోండి,” అని తనొక పక్క, మా వారొక పక్క పట్టుకుని, సరుగుడు తోపు దాటి ఇసుక మీదుగా మోసుకెళ్ళారు. ఆ అబ్బాయి దారిలో, 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటినప్పుడు తన ఇంటి రేకులు ఎలా ఎగిరిపోయాయో చెప్పాడు. హోటలు అద్దాలు నెలలోపే వేశారట. వాళ్ళ రేకులు పడేసరికి ఏడాది అయిందట. ఏడుపుగా చెప్పలేదు, కబురుగా చెప్పాడు.

తడి ఇసుక అంచున కుర్చీ దించారు. సూర్యుడు ఎదురుగా కాక, ఎడమ చేతి వైపు లేచాడు. అత్తమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత మా పెద్దవాణ్ణి దగ్గరకు పిలిచి, వాడి మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఒక అల వచ్చి ఇద్దరి పాదాలూ తడిపింది. వాడు వణికాడు. ఆమె వదలలేదు. అలను చూసి, కోడలిని కోప్పడినట్టే కోప్పడింది. “నా మనుమన్ని గుంజుకపోదామనుకుంటివా? అంత పెద్దదానివి, గింత పోరని మీద నీ జోరు!” అని, కొంగు ముడి విప్పి పసుపు కుంకుమ నీళ్ళలో చల్లింది. “సల్లంగ చూడు తల్లీ,” అన్నది.

మా పెద్దవాడు నవ్వాడు. నిన్న సాయంత్రం తరవాత అదే మొదటి నవ్వు.

ఆ తరవాత ఆమె వంగి, పుడిసెడు నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. “ఇన్ని నీళ్ళు పెట్టుకొని అన్నిట్ల ఉప్పు కలిపి పెట్టిండు దేవుడు. మన బోర్లకు గింతన్న ఇయ్యకపోయె,” అన్నది. మూడు బోర్లు వేసి రెండు ఎండిపోయిన ఇంటి మనిషికి సముద్రం అలాగే కనిపిస్తుంది మరి. నేను ఊరుకోలేక నా పంతులమ్మ బుద్ధి చూపించాను. అనంతగిరిలో పుట్టే మూసీ, తాండూరు పక్కనుంచి పోయే కాగ్నా, రెండూ చివరికి కృష్ణలో కలిసేవేననీ, ఆ కృష్ణ ఇదే తీరంలో హంసలదీవి దగ్గర సముద్రంలో పడుతుందనీ చెప్పాను. ఎండాకాలం కృష్ణలో ఇక్కడిదాకా నీళ్ళు రావుగాని, వానాకాలం వరదలో మన పొలాల నీళ్ళూ వస్తాయన్నాను. “అట్లనా? అయితే మనం చుట్టాలింటికే వచ్చినం,” అని ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. ఎండ ఎక్కేదాకా అక్కడే కూర్చున్నాము. రెండో రాత్రీ ఉన్నాము.

ఇంతకూ సముద్రపు ఒడ్డున హోటలుకు వెళ్ళవచ్చా అని మీరడిగితే, వెళ్ళండనే చెబుతాను. ఆ అద్దె దేనికి ఇస్తున్నామో తెలుసుకుని వెళ్ళండి. తెల్లవారుజాము సముద్రానికి అద్దె లేదు. ఊళ్ళో సామాన్యమైన బసలో దిగి, ఆటోలో వచ్చి చూసిపోయినా సూర్యుడు అలాగే లేస్తాడు. మీ ఇంట్లో ముసలివాళ్ళుంటే మాత్రం, పక్కనే శుభ్రమైన స్నానాలగది, అలిసినప్పుడు వాలడానికి మంచం ఉండడం చిన్న సంగతి కాదు. నిజం చెప్పాలంటే మేమిచ్చిన డబ్బంతా ఆ రెంటికే చెల్లింది.

బయలుదేరేముందు ఫోను చేసి అయిదు ప్రశ్నలు అడగండి. గది ఏ అంతస్తు, లిఫ్టు ఈ వారం నడుస్తున్నదా? సముద్రం మంచం మీదనుంచి కనిపిస్తుందా, వరండా మూలనుంచా? గది ఎన్ని గంటలకు ఇస్తారు, ఎన్ని గంటలకు ఖాళీ చేయాలి? చెప్పిన అద్దెలో పన్ను కలిసి ఉందా? ఒడ్డున కాపలా మనిషి సాయంత్రం కూడా ఉంటాడా? చివరి ప్రశ్నకు జవాబు నసిగితే, వేరే చోటు చూసుకోండి. వెళ్ళాక నీళ్ళలో దిగేముందు, అక్కడ వల బాగుచేసుకునే మనిషి ఎవరైనా ఉంటే, ఎక్కడ దిగవచ్చో ఆయన్ని అడగండి. నున్నగా ఉన్న చోటు చూసి మాత్రం మోసపోకండి. ఫోను సంచిలో పెట్టి, కళ్ళు పిల్లల మీద పెట్టండి.

ఆ ఫోటో నేను తీసేద్దామన్నాను. మా పెద్దవాడే వద్దన్నాడు. వాడి నవ్వు వెనక నున్నటి నీళ్ళ చార స్పష్టంగా కనిపిస్తుంది. ఇంటికి వచ్చిన తోటి పిల్లలకు దాన్ని వేలుపెట్టి చూపించి, “గిదే పాయ. గిట్లున్న చోట దిగొద్దు,” అని పాఠం చెబుతున్నాడు. నా పాఠం కంటే వాడి పాఠమే బాగుంది.

మొన్న పక్కింటావిడ వచ్చి అత్తమ్మను అడిగింది. “ఏమమ్మా, పదమూడు వేల హోటల్ల పండుకుంటివట! ఎట్లుండె?”

అత్తమ్మ కాసేపు ఆలోచించింది.

“హోటలా? ఏమో బిడ్డా, నేను సక్కగ చూడలే. నేను పోయింది సముద్రం కాడికి,” అన్నది.